మత్తు దిగేదాకా

ఈ కింది దవడని ఎక్కడో చూసినట్టుందే, ఎడమ పక్క ఆరో పన్ను కాస్త వాలి పక్కదాని భుజమ్మీద తల ఆన్చింది, ఇలాంటివి వందలో ఒకటి ఉంటాయి, చూశాను, ఎక్కడో చూశాను, మొహాలు గుర్తుండవు గానీ నోళ్ళు మర్చిపోను, పాతికేళ్ళ అనుభవం అంటే అదే, బజార్లో ఎవరైనా నమస్కారం డాక్టరు గారూ అని ఆపితే ఎవరో తెలియక నవ్వుతాను, వాళ్ళూ నవ్వుతారు, నవ్వగానే తెలిసిపోతుంది, ఓహో మీరా, పైన కుడివైపు తొడుగు, ఎలా ఉంది ఇప్పుడు, అని తొడుగు క్షేమం అడుగుతాను, మనిషి క్షేమం అడగడం గుర్తుండదు, పైగా మేము మనుషుల్ని తలకిందులుగా చూస్తాం, కుర్చీ వెనక కూర్చుంటే గడ్డం పైన, నుదురు కింద, మధ్యలో మేమిచ్చిన నారింజరంగు కళ్ళద్దాలు, మెడకి నీలం కాగితం గుడ్డ, అలా పడుకోబెట్టాక జడ్జి అయినా ఒకటే, జేబుదొంగ అయినా ఒకటే, ఈవిడ పదిహేడో టోకెను, కార్డులో పేరున్న వైపు నేనెప్పుడూ తిప్పను, ఫిర్యాదు ఉన్న వైపే చూస్తాను, ఎడమ, కింద, నొప్పి, అని ఉంది, రాత రిసెప్షన్లో ఆవిడది, ఆవిడ పేరు అందరూ మర్చిపోయి మిలిటరీ అంటాం, ఆవిడకీ తెలుసు, కోపం లేదు, ఆ మాట వినపడితే భుజాలు ఇంకాస్త వెనక్కి వెళ్తాయి అంతే, సరే, నొప్పి ఇక్కడేనా అమ్మా, అని అద్దం పిడితో పంటి మీద తట్టాను, ఆఁ అంది, మరి ఇక్కడ, ఆఁ, ఇక్కడ కూడానా, ఆఁ, నోట్లో అద్దం, గొట్టం, నా రెండు వేళ్ళూ పెట్టి అడిగితే ఆఁ తప్ప ఇంకేమంటుంది, ఔననుకున్నా ఆఁ, కాదనుకున్నా ఆఁ, నీ మొహం అనుకున్నా ఆఁ, అందుకే ఈ వృత్తి అంటే నాకు ప్రాణం, ఊళ్ళో ఇన్ని వేల మంది నా అభిప్రాయాలతో ఏకీభవించారు, ఆరో పంటి మీద నల్లటి గీత ఒకటి కనపడింది, పుచ్చు మొదలయ్యిందేమో, తెరిచి చూద్దాం, నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి, అని చెప్పి మత్తుసూది ఇచ్చాను, చెయ్యి ఎత్తలేదు, ఎంత ఓపిక, పైగా ఆ నారింజరంగు అద్దాల వెనక నుంచి రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది, కొందరు అంతే, భయమేసినప్పుడు కళ్ళు మూసుకోరు, మత్తు ఎక్కడానికి నాలుగు నిమిషాలు, ఆ నాలుగు నిమిషాలు నేను వృథా చెయ్యను, మిగతా పళ్ళు చూసేస్తాను, ఇది సదస్సులో నేర్పారు, ఊపిరాడని పనిలోనూ ఇంటివాళ్ళకి సమయం కేటాయించడం ఎలా, అని రెండు రోజుల సదస్సు, శని, ఆదివారాలు, ఇంటివాళ్ళని తీసుకురాకూడదు, వెళ్ళాను, సర్టిఫికెట్ ఇచ్చారు, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను, వాళ్ళ నమూనా ప్రకారం ఒక పట్టిక కూడా తయారు చేశాను, ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఆరూ నలభై దాకా కుటుంబం, అందమైన పట్టిక, లామినేషన్ చేయిద్దామని వెళ్తే షాపులో జనం, నా వంతు వచ్చేసరికి ఏడయింది, ఆ ఆదివారం కుటుంబం రద్దయింది, ఇదిగో, పైన కుడివైపు పాత ఫిల్లింగు, భలే, ఎవరు చేశారో గానీ పనిమంతుడు, అంచు ఎక్కడా లేవలేదు, ఇరవై ఏళ్ళ పైమాటే ఉంటుంది, ఈ కాలం కుర్రడాక్టర్లకి ఇలాంటి చెయ్యి ఏది, అందరికీ హడావిడే, చివర్లో చిన్న గాడి కూడా చెక్కాడు, నమలడానికి అక్కర్లేదు, అందానికి ఎవరికీ కనపడదు, ఊరికే, సరదాకి, అలాంటి గాడి ఈ ఊళ్ళో,

అలాంటి గాడి ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ చెక్కరు, నేను కూడా పెళ్ళయిన కొత్తల్లో తప్ప ఎప్పుడూ చెక్కలేదు, ఆ పంటి మీద రెండు గంటలు కూర్చున్నాను, అరగంట పని, ఆదివారం, క్లినిక్కు తలుపులు మూసి, ఇద్దరమే, అయిపోయిందా అని ఆవిడ అడిగినప్పుడల్లా ఇంకొంచెం ఉంది అన్నాను, ఇప్పుడు ఆ గాడి మీద నా అద్దం ఆగిపోయింది, అద్దాన్ని బయటికి తీశాను, నారింజరంగు కళ్ళద్దాలు ఎత్తాను, రెండు కళ్ళు, తలకిందులుగా, నా భార్యవి, నమ్మలేక కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి నిటారుగా చూశాను, నిటారుగా కూడా ఆవిడే, నువ్వా, అన్నాను, ఇంత చదువుకుని నోట్లోంచి వచ్చిన మాట అది, నువ్వేమిటి ఇక్కడ, అంటే ఆవిడ గొట్టం తీసి పక్కన పెట్టి, నీలం గుడ్డతో గడ్డం తుడుచుకుని, చాలా గౌరవంగా, ఆఆయింటెంటు తీసుకున్నానండీ డాట్టరు గారూ, అంది, సగం పెదవి నిద్రపోతోంది, సగం పెదవి నన్ను వెక్కిరిస్తోంది, డాక్టరు గారూ అని ఆవిడ పిలిచిందంటే కోపం తారస్థాయిలో ఉందని అర్థం, మామూలు కోపానికి ఏమండోయ్ అంటుంది, తలుపు తీసి మిలిటరీని పిలిచాను, మా ఆవిడ అని నీకు తెలుసా, అంటే, తెలియకేమండీ, పదిన్నరకి ఫోన్ చేశారు, డాక్టరు గారు ఒకరి నోట్లో ఉన్నారమ్మా అన్నాను, పదకొండుకి చేశారు, ఇంకొకరి నోట్లో ఉన్నారు అన్నాను, పన్నెండున్నరకి చేస్తే అయితే టోకెను ఇవ్వండి అన్నారు, ఇచ్చాను, టోకెను లేకుండా బంధువులకి ప్రవేశం లేదని బోర్డు రాయించింది మీరే కదండీ, భార్యలకి మినహాయింపు అని అందులో లేదు, మరి నొప్పి అని రాశావేం, అంటే, ఫిర్యాదు లేకుండా టోకెను ఇవ్వకూడదని రెండో లైను ఉంది కదండీ, ఏదో ఒకటి చెప్పండమ్మా అన్నాను, నొప్పి అన్నారు, ఎక్కడ అన్నాను, ఎడమ పక్క అన్నారు, పైనా కిందా అని అడిగితే ఎడమ పక్క అంతే అన్నారు, ఖాళీ వదలకూడదని కింద అని నేనే రాశాను, గంటా పది నిమిషాలు కూర్చున్నారు పాపం, పత్రికలు తిరగేస్తూ, మీ పత్రికల్లో చిరిగిన పేజీలన్నీ చక్కగా అతికించి పెట్టారండీ, అని తలుపు వేసుకుని వెళ్ళిపోయింది, పన్ను బాగానే ఉంది, ఆ నల్లటి గీత కాఫీ మరక, ఏ నొప్పీ లేని మనిషికి సూది ఇచ్చి సగం నోరు మూయించాను, సొంత భార్యకి, మాట్లాడదామని వచ్చిన మనిషికి,

ఏమిటి విషయం, ఇంట్లో చెప్పకూడదా, అనబోయి ఆగాను, ఇంట్లో ఎక్కడ చెప్తుంది, ఆవిడ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపిస్తే నేను రెండింతల వేగంతో వింటాను, టైం కలిసొస్తుందని, అమ్మాయి హాస్టల్ నుంచి పంపినా అంతే, నాన్నా నీ కోసం నేనే గబగబా మాట్లాడి పంపిస్తున్నాను, నువ్వు మామూలుగా విను, అని ఒకసారి అంది, దాన్ని కూడా రెండింతల్లో విన్నాను, ఏమందో ఒక్క ముక్క అర్థం కాలేదు, బాగుందమ్మా అని బొటనవేలు బొమ్మ పంపించాను, ఇప్పుడు ఈవిడ మొద్దుబారిన నాలికతో ఒక్కో అక్షరాన్ని మెట్టు మెట్టుగా ఎక్కిస్తూ, ఉత్తకాలు, అంది, ఉత్త, ఏమిటీ, ఉత్తకాలు, తడిసి, ఓయాయి, ఉత్తకాలు అంటే, ఒత్తులు పోయి పొల్లులు పోయి మిగిలిన ఆ మాటని పట్టుకుని నేను కాసేపు గింజుకున్నాను, పుస్తకాలు, పుస్తకాలు తడిసిపోయాయి, ఆఁ అంది ఆవిడ, ఈసారి నిజం ఆఁ, అప్పుడు గుర్తొచ్చింది, పదకొండు రోజుల కిందట పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటున్నాను, రెండు నిమిషాలు, గడియారం పెట్టుకుని, ఆ రెండు నిమిషాల్లో కొంప అంటుకున్నా నేను మాట్లాడను, వృత్తిధర్మం, ఈవిడ తలుపు దగ్గర నిలబడి ఏదో చెప్తోంది, కొళాయి చప్పుడులో, తడిసిపోయాయట, వేలకి వేలు, అని వినపడింది, ఆరు, అని కూడా వినపడింది, నురగ ఉమ్మేసి, ఆరేసెయ్ మరి, అన్నాను, ఆవిడ కాసేపు నా వైపు చూసి, సరే, ఆరేస్తాను, అని వెళ్ళిపోయింది, అర నిమిషంలో ఇంటి సమస్య ఒకటి తీర్చేశానని ఆ రోజంతా హుషారుగా ఉన్నాను, బట్టలు అనుకున్నాను మరి, ఆ తర్వాత కూడా రెండు మూడు సార్లు, మీతో మాట్లాడాలి, అంది, ఆదివారం మాట్లాడదాం, పట్టికలో ఉంది కదా, అన్నాను, ఆదివారం దవడల నిపుణుల సమావేశం వచ్చింది, ఇప్పుడు ఆవిడ తన ఫోను నా మొహం ముందు పెట్టింది, పెద్ద గ్రంథాలయం, రైల్లో ఒక పగలంతా ప్రయాణం, నేలమాళిగలో నీళ్ళ గొట్టం పగిలి నలభై వేల పుస్తకాలు మునిగాయి, కొన్ని చేత్తో రాసినవి, రెండో కాపీ లేనివి, మీలాంటి చెయ్యి మాకు కావాలి, ఆరు నెలలు, దాని కింద ఇంకో సందేశం, శుక్రవారం నాలుగున్నరకి ఫోన్ చేస్తాను, అని ఆ గ్రంథాలయం డైరెక్టరు రాసింది, ఇవాళ శుక్రవారం, గోడ గడియారం నాలుగూ పద్దెనిమిది, మీలాంటి చెయ్యి అన్న మాట రెండుసార్లు చదివాను, ఈ చెయ్యి సంగతి నాకేం తెలుసు, మా ఊరి గ్రంథాలయంలో ఈవిడ పాత పుస్తకాలు బాగుచేసే వెనక గది, కిటికీ పక్కన బల్ల, నాలుగేళ్ళ కిందట గొడుగు మర్చిపోయి తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చూశాను, ఒక పేజీ, చెదలు తిన్నది, నిండా చిల్లులు, ఆవిడ ఉల్లిపొర లాంటి కాగితాన్ని ఆ చిల్లు ఆకారానికే తుంచి, గోధుమపిండి జిగురు సన్న కుంచెతో రాసి, ఊపిరి బిగబట్టి అతికిస్తోంది, ఒక్క చిల్లుకి పది నిమిషాలు, ఇలా అయితే పుస్తకం ఎప్పటికయ్యేను, అన్నాను, అయినప్పుడే అవుతుంది, అని తలెత్తకుండా గొడుగు అందించింది,

ఆరు నెలలా, అన్నాను, ఆవిడ నా వైపే చూస్తూ, ఇనండి, అంది, విను అనే మాటకి ముందున్న వకారం ఊడిపోయింది, చిన్నప్పుడు బళ్ళో తెలుగు మాస్టారు పెదవులు చప్పరించి చూపించేవారు, ప ఫ బ భ మ, రెండు పెదవులూ కలిస్తే గానీ పలకవురా వెధవల్లారా, అని, ఆ ఐదక్షరాల్నీ నేనిప్పుడు ఒక్క సూదితో పడుకోబెట్టేశాను, వాటి వెనకే వ కూడా వెళ్ళిపోయింది, ఉకారానికి కూడా పెదవులు గుండ్రంగా చుట్టాలి కదా, అదీ సగం గోవిందా, కలం అందించాను, రాయి, అన్నాను, ఆవిడ కలం తిరిగి నా జేబులో పెట్టి, ఇనండి, అని, కాస్త ముందుకి వంగి, నోరు కూడదీసుకుని, ఒక మాట అంది, ఎళ్ళన, లాంటిది ఒకటి, చివర ఏదో ఉంది, అది పెదవి మీద జారిపోయింది, మళ్ళీ అను, అన్నాను, ఎళ్ళన, మళ్ళీ అంతే, ఇది వెళ్ళనా, లేకపోతే వెళ్ళను, వెళ్ళనా అంటే అడుగుతోంది, వెళ్ళను అంటే మానేసింది, రెండింటికీ తేడా అల్లా చివరి అచ్చు ఒక్కటే, దాన్ని మింగేసింది నా సూది, గడియారం నాలుగూ ఇరవై నాలుగు, వెళ్ళను అనే అనుంటుంది, అనుకున్నాను, ఎంత తొందరగా అనుకున్నానో, ఎంత హాయిగా ఉందో అలా అనుకుంటే, ఆరు నెలలు ఈవిడ లేకుండా ఇల్లు ఎలా ఉంటుంది, నా మేజోళ్ళు ఏ అరలో ఉంటాయి, పాలవాడు ఏ పూట వస్తాడు, అని మొదట వచ్చిన ఆలోచనలు ఇవే, వచ్చినందుకు సిగ్గుపడ్డాను గానీ అవి సిగ్గుపడకుండా వచ్చాయి, తర్వాత ఇంకోటి వచ్చింది, సాయంత్రం తాళం తిప్పగానే వంటింట్లోంచి, వచ్చారా, అంటుంది, వచ్చానని కనపడుతూనే ఉంటుంది, అయినా అంటుంది, ఆ మాట ఉండదు, నేను ఏ రోజూ దానికి జవాబు చెప్పినట్టు గుర్తులేదు, బూట్లు విప్పుతూ ఫోను చూసుకుంటాను, ఆ వచ్చారా లేని తలుపు తీయడం ఎలాగో నాకు తెలీదు, ఇంకో అయిదు నిమిషాల్లో ఫోన్ మోగుతుంది, ఈవిడ మాట్లాడలేదు, నేనే మాట్లాడాలి, రావట్లేదండీ, అని నేనంటే అయిపోతుంది, మత్తు దిగడానికి రెండు గంటలు, ఈలోగా వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు, అలా వినపడింది మరి, అంటాను తర్వాత, పెదవులు కలవలేదు కదా, అంటాను, శాస్త్రం నా వైపే ఉంది, పాతికేళ్ళుగా జనం ఆఁ అంటే నాకు కావలసినట్టు వినడం అలవాటయిన చెవి, దీనికి ఇదొక లెక్కా, కానీ ఆవిడ నన్నే చూస్తోంది, పదిహేడో టోకెను పట్టుకుని గంటా పది నిమిషాలు నా గుమ్మంలో కూర్చున్న మనిషి, నా పత్రికలకి చిరుగులు అతికించుకుంటూ కూర్చున్న మనిషి, ఎడమ చెయ్యి ఎత్తితే వెళ్ళను, కుడి చెయ్యి ఎత్తితే వెళ్ళనా, ఏదో ఒకటి ఎత్తు, అన్నాను, రోగులకి చెప్పే గొంతుతోనే, ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నవ్వింది, సగం పెదవితో, నవ్వుతూనే ఉంది, ఏమిటా నవ్వు, ఎత్తవే, అంటుండగా ఫోన్ మోగింది,

ఆవిడ ఫోను తీసి నా చేతిలో పెట్టింది, గొంతు బయటికి వినపడేలా మీట నొక్కింది, నమస్కారమండీ, అని అవతలి నుంచి ఒక ఆడగొంతు, మంచి చలాకీ గొంతు, నేను గొంతు సవరించుకుని, నమస్కారం, నేను ఆవిడ భర్తని, ఆవిడ మాట్లాడే స్థితిలో లేరు, అన్నాను, అయ్యో ఏమైందండీ, అని ఆ గొంతు కంగారుపడింది, ఏం లేదు, నేనే చేశాను, అన్నాను, అది ఇంకా ఘోరంగా వినపడింది, పంటి డాక్టర్నండీ, మత్తుసూది, అని సర్దుకుని, మా ఆవిడ వైపు చూసి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ధైర్యంతో, ఆవిడ వస్తారండీ, ఆరు నెలలూ ఉంటారు, నాకు ఏ అభ్యంతరమూ లేదు, మనస్ఫూర్తిగా పంపిస్తున్నాను, అన్నాను, చెప్పేశాక నా మీద నాకే గౌరవం కలిగింది, ఛాతీ కాస్త పొంగింది, ఇలాంటి భర్తలు ఊరికి ఎందరుంటారు, అవునండీ, వస్తారని తెలుసు, పదకొండు రోజుల కిందే ఒప్పుకున్నారు కదా, టికెట్లు కూడా పంపించాం, ఇప్పుడు చేసింది సోమవారం స్టేషన్‌కి ఎవరిని పంపమంటారో కనుక్కుందామని, అంది ఆ గొంతు, ఛాతీ ఎంత పొంగిందో అంతా కిందికి దిగింది, ఆవిడ వైపు చూశాను, అప్పుడు వెలిగింది, వెళ్ళను కాదు, వెళ్ళనా కాదు, వెళ్తున్నా, అంది ఆవిడ, మొదటి నుంచీ అదే అంటోంది, వెళ్తున్నా, మా ఆవిడ విషయంలో తెలుగులో ఇలాంటి మాట కూడా ఒకటి ఉంటుందని నాకు తోచనే లేదు, అడగడం ఉంటుంది, మానేయడం ఉంటుంది, మూడోది ఉండదనుకున్నాను, అవతల గొంతు ఆగలేదు, మరి ఈ పది రోజులూ బాగా గడిచాయా అండీ, ఎక్కడికైనా వెళ్ళొచ్చారా ఇద్దరూ, అని అడిగింది, ఏ పది రోజులు, అన్నాను, అదేంటండీ, మర్నాడే రమ్మన్నాం మేము, ఆవిడ, వస్తాను గానీ ఒక్క పది రోజులు ఇవ్వండి, మా ఆయనతో తీరిగ్గా గడిపి వస్తాను, మళ్ళీ ఆరు నెలలు కుదరదు, అన్నారు, తడిసిన పుస్తకం రెండు రోజులుంటే బూజు పడుతుందండీ, మరెలా అంటే, ఆవిడే ఉపాయం చెప్పారు, అన్నింటినీ మంచులో పెట్టించెయ్యండి, గడ్డకడితే ఎన్నాళ్ళైనా చెడవు, నేను వచ్చాక ఒక్కొక్క పెట్టే తీసి ఆరేద్దాం అని, ఊళ్ళో చేపలు నిలవ చేసే గోదాము ఒకటి ఉంది, వాళ్ళ కాళ్ళు పట్టుకుని సగం ఖాళీ చేయించి, నలభై వేల పుస్తకాలూ చేపల పక్కన పెట్టించాం, మీ కోసమేనండీ, అని నవ్వింది, ఇంకో వారం, అని నా నోటి నుంచి వచ్చింది, ఇంకో వారం ఏమైనా వీలవుతుందా అండీ, ఈ పది రోజులూ నేను, అంటుండగానే మా ఆవిడ తల అడ్డంగా ఊపింది, చెయ్యి చాపి నా మణికట్టు మీద వేసింది, సోమవారం, అని పెదవులతో అంది, మకారం పలకలేదు గానీ అర్థమయింది, స్టేషన్‌కి ఒకరిని పంపండి చాలు, సామాను ఎక్కువ ఉండదు, అని చెప్పి ఫోను పెట్టేశాను,

నా కోసం నలభై వేల పుస్తకాలు చేపల పక్కన గడ్డకట్టి కూర్చున్నాయి, ఎవరెవరో ఎప్పుడెప్పుడో చేత్తో రాసుకున్నవి, నేను ఆరేసెయ్ అన్న రోజు నుంచీ, నేను దవడల సమావేశానికి వెళ్ళిన ఆదివారం కూడా, బయట ఇంకా మూడు టోకెన్లు ఉన్నాయి, తలుపు తీసి మిలిటరీతో, మిగతావాళ్ళని మంగళవారం రమ్మను, అన్నాను, కారణం ఏం రాయమంటారండీ, అంది, అత్యవసరం అని రాయి, ఎవరికండీ, అంది, నాకు, అన్నాను, ఆవిడ నా మొహం చూసి, పాతికేళ్ళలో మొదటిసారి, ఏ బోర్డూ గుర్తు చెయ్యకుండా వెళ్ళిపోయింది, రోగుల స్టూలు లాక్కుని కుర్చీ పక్కన కూర్చున్నాను, పక్కన కూర్చుంటే మొహం నిటారుగా కనపడుతుంది, కణతల దగ్గర వెంట్రుకలు ఎప్పుడు నెరిశాయో, కనుబొమ్మ మీద జిగురు చుక్క ఎండి ఉంది, పొద్దుట్నుంచీ ఉందేమో, రెండు గంటలు ఏమీ తినకు, పెదవి కొరుక్కుంటావు, అన్నాను, అది తప్ప వేరే మాట రాలేదు, తర్వాత అడిగాను, సూది ఎత్తినప్పుడైనా ఆపొచ్చు కదా, చెయ్యి ఎత్తమన్నాను కదా, ఒక్క సైగ చేస్తే ఆగిపోయేవాణ్ణి కదా, ఆవిడ చాలాసేపు తీసుకుని చెప్పింది, సగం అక్షరాలు లేవు, చిల్లులు పడ్డ పేజీ లాగా వచ్చింది మాట, నేను ఆ చిల్లుల్లో పకారాలూ బకారాలూ మకారాలూ ఒక్కొక్కటే అతికించుకుంటూ విన్నాను, నెమ్మదిగా, రెండింతల మీట ఏదీ లేదు, చాలా నెలలయింది మీరు నా మొహంలోకి అంత దగ్గరగా వచ్చి, అంత శ్రద్ధగా చూసి, చూస్తున్నది నన్నని తెలియకపోయినా, ఆపబుద్ధి కాలేదు, అంది, అని, ఇంటికెళ్ళి మంచం కింది పెద్ద సూట్‌కేసు బయటికి తీయాలి, దాని చక్రం ఒకటి తిరగదు, అది కూడా అంది, రెండూ ఒకే గొంతుతో అంది, నేను సూట్‌కేసు గురించి మాట్లాడాను, చక్రానికి నూనె వేస్తాను, రేపు పొద్దున వేస్తాను, కాదు ఇవాళే వేస్తాను, అని అవసరానికి మించి మాట్లాడాను, కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఆ నీలం కాగితం గుడ్డ మీద పడుతోంది, శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం, అని లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఆదివారంలో ఆరు నుంచి ఆరూ నలభై కాదు, మొత్తం, పళ్ళు తోముకునే రెండు నిమిషాలు తీసేసి, అవి కూడా తీసేయకుండా, నేను తీరిక లేని మనిషిని అని ఊరంతా అంటుంటే గొప్పగానే ఉండేది, ఈవిడ గ్రంథాలయం పని, ఇంటి పని, అమ్మాయి, నేను, అన్నీ చూసుకుంటూ ఏ రోజూ తీరిక లేదనలేదు, నేను ఆదివారం అంటే ఆదివారం అనేది, ఆదివారం కుదరకపోతే ఫర్వాలేదు లెండి అనేది, పొద్దున్నే నిద్ర లేచి, కొళాయి చప్పుడులో, గుమ్మంలో, ఫోన్లో, టోకెను పుచ్చుకుని బెంచీ మీద, నాతో ఉండడానికి పనికొచ్చే రెండు నిమిషాలు ఎక్కడ కనపడితే అక్కడికి వచ్చి నిలబడింది, ఇరవై రెండేళ్ళు, నేనెప్పుడు తిరిగి చూస్తే అప్పుడు అందేలాగా, చెడిపోనివ్వకుండా, ఇంత భాగ్యం నా కళ్ళ ముందే ఉంటే నాకెప్పుడు తీరిక దొరుకుతుందో అని నేను వెతుక్కుంటున్నాను, ఇనండి, అంది ఆవిడ మళ్ళీ, ఇంకేదో చెప్పబోతూ, నాలిక ఇంకా తిరగట్లేదు, మెల్లిగా చెప్పు, వింటున్నాను, అన్నాను, మత్తు దిగడానికి ఇంకా గంటన్నర ఉంది, ఆ గంటన్నర కూడా ఈవిడ తెచ్చిపెట్టిందే.